ముందే చెప్పిన స్తోత్రం

బర్మామైన్స్, జంషెడ్‌పూర్
సెప్టెంబరు 12, శుక్రవారం

చెల్లి ఎమిలీకి,

దేవుని కృపవల్ల మీ తల్లీకూతుళ్ళిద్దరూ క్షేమమని నమ్మి ఆనందక్క రాస్తున్నది.

మొన్న నీ ఫోను వస్తే రాజబాబు నా చెవి దగ్గర పెట్టాడు. నువ్వేదో చెప్పావు. నేను సరే సరే అన్నాను. ఏం చెప్పావో తెలియదు. చెవి మిషను పెట్టుకున్నా ఫోనులో మాట నాకు గరగరమని వస్తుంది. తర్వాత తమ్ముణ్ణి అడిగితే "అంతా బాగానే ఉందట" అన్నాడు. ఎంతసేపు మాట్లాడినా వాడు చెప్పేది అంతే. అందుకని ఉత్తరం రాయి. పెళ్ళైన కొత్తలో రాసేదానివి కదా, అలాగే.

మీ ఆయన నెల్సన్ బి-షిఫ్టు దిగి మా ఇంటికే వచ్చి తింటున్నాడు. బెండకాయ వద్దంటాడు. పెడితే తింటాడు. కూతురి గురించి అడగడు. నేను చెప్తే మాత్రం ముద్ద ఆపి వింటాడు.

మన పిల్ల ఇక్కడి సిమెంటు రింకులో చక్రాల బూట్లతో మొదలుపెట్టి, మంచు మీదకి వెళ్ళడానికి డెహ్రాడూన్ దాకా పోయింది. నువ్వు వెంట వెళ్ళి మంచి పని చేశావు. అయితే నాకొక సంగతి తెలియాలి. వచ్చే నెల అస్తానా పోటీలో దానికి ఏం రావాలి? పతకమా? ఫలానా స్థానమా? శుక్రవారం ఉపవాస ప్రార్థనలో ఆడవాళ్ళు నన్ను అడుగుతున్నారు. ఏమని అడగాలో సరిగా తెలిస్తే అలాగే అడుగుతాం. ప్రస్తుతానికి అందరం ఒకటే అడుగుతున్నాం, పిల్ల పడకూడదని.

అక్క
ఆనందకుమారి


డెహ్రాడూన్
సెప్టెంబరు 20

అక్కా,

నీ ఉత్తరం చూడగానే ప్రిస్సీ "పెద్దమ్మ రాత ఇంకా బ్లాక్‌బోర్డు మీద రాసినట్టే ఉంది" అని నవ్వింది. నాచేత రెండుసార్లు చదివించుకుంది. పద్దెనిమిదేళ్ళు వచ్చాయి, తెలుగు అక్షరాలు రావు. హిందీ, ఇంగ్లీషు అంటూ వదిలేశాను. ఇప్పుడనిపిస్తోంది, నేర్పాల్సింది అని.

పతకం అక్కర్లేదక్కా. స్థానమూ అక్కర్లేదు. జనవరిలో నాలుగు ఖండాల పోటీ అని పెద్దది ఒకటుంది. యూరప్ వాళ్ళకి వాళ్ళది వేరే ఉంది, ఇది మిగతా ప్రపంచానిది. మన దేశం నుంచి అక్కడికి వెళ్ళగలిగినవాళ్ళు ఇంతవరకూ చాలా తక్కువమంది. అక్కడ మంచు మీద కాలు పెట్టాలంటే ముందుగా ఇంకెక్కడైనా అంతర్జాతీయ పోటీలో కనీస మార్కు తెచ్చుకోవాలి. మెట్రిక్‌లో పాసు మార్కులాంటిది. ప్రతి పోటీలోనూ రెండుసార్లు దిగుతారు. షార్టు అని చిన్నదొకటి, ఫ్రీ అని పెద్దదొకటి. రెండిటికీ విడివిడిగా పాసు కావాలి. రెండూ ఒకేచోట రానక్కర్లేదు. ఈ సీజన్లో వచ్చినా సరే, పోయిన సీజన్లో వచ్చినా సరే.

షార్టు మార్కు మనదానికి పోయినేడు బ్యాంకాక్‌లోనే వచ్చింది. ఇంక ఫ్రీ ఒక్కటి రావాలి. అది వస్తే మన దేశపు స్కేటింగ్ సంఘం పేరు పంపుతుంది. రాకపోతే ఎంత బాగా చేసినా పంపడానికి వీల్లేదు. ఈ సీజను దాటితే బ్యాంకాక్‌లో వచ్చిందీ చెల్లదు, మళ్ళీ మొదటికే. పైగా ఈసారి కాకపోతే బూట్లు విప్పేసి మన ఊళ్ళోనే కాలేజీలో చేరతానని వాళ్ళ నాన్నకి మాటిచ్చి వచ్చింది. ఆయన అడగలేదు. ఇదే ఇచ్చింది.

అందుకని అక్కా, అడిగేవాళ్ళని ఫ్రీ స్కేటు కోసం అడగమను. పడకూడదని అడగడం కూడా మంచిదే. రాజబాబు రోజూ గ్రూపులో "నో ఫాల్! నో ఫాల్!" అని పెడుతున్నాడు. చర్చివాళ్ళంతా కింద దండాలు పెడుతున్నారు. ప్రిస్సీ అన్నీ చూస్తోంది.

ఎమిలీ


బర్మామైన్స్, జంషెడ్‌పూర్
అక్టోబరు 13, సోమవారం

ఎమిలీ,

స్తోత్రం. ఇంతకంటే ముందు రాయదగ్గ మాట నాకు లేదు.

ఆ శనివారం సాయంత్రం రాజబాబు హెల్మెట్ తియ్యకుండానే ఇంట్లోకి వచ్చాడు. ఆదిత్యపూర్‌లో ఫ్యాక్టరీ నుంచి వంతెన మీదుగా ఎంత వేగంగా వచ్చాడో, ఊపిరి అందడం లేదు.

"అక్కా! డబుల్! ఏక్‌దమ్ డబుల్!"

"ఏది డబుల్?"

"కావాల్సింది నలభై చిల్లరక్కా, మన గుంటకి డెబ్బై దాటిపోయింది! ఫోన్లో వచ్చేసింది, చూడు! దగ్గర దగ్గర డబుల్!"

"పడిందా?"

"ఒక్కసారి కూడా పడలేదు!"

నేను లోపలికి వెళ్ళి మోకరించాను. ఏమీ అడగలేదు. స్తోత్రం చెప్పి లేచాను.

నిన్న ఆరాధన తర్వాత కృతజ్ఞతా కూడిక పెట్టాం. అగస్టిన్ పాస్టరుగారు వాక్యం చెప్పారు. రాజబాబు పెద్ద ఫ్లెక్సీ వేయించి చర్చి గేటుకి కట్టాడు. ప్రిస్సీ ఫోటో, కింద పెద్ద అక్షరాలతో "నాలుగు ఖండాల పోటీకి అర్హత పొందిన సందర్భంగా కృతజ్ఞతా కూడిక, అక్టోబరు 12". ఫోటోలో మన పిల్ల బుగ్గలకి వాడు చెప్పకుండానే ఫ్లెక్సీ కొట్టువాళ్ళు ఎర్రరంగు వేశారట.

బిరియానీ వండించాం. మన పక్కింటి రత్నంవాళ్ళు హిందువులే అయినా తను ముందు వరసలో వచ్చి కూర్చుంది. తిన్నాక అందరికీ వినబడేలా అంది. "మీరు పార్తన సేసినారు, బానే ఉంది. నాను కూడా మా ఊరి పోలమాంబ తల్లికి సెప్పుకున్నాను. గుంట పడకుండా ఎవులు పట్టుకున్నారో ఆళ్ళిద్దరూ తేల్సుకుంటారు." పాస్టరుగారు కూడా నవ్వారు.

నెల్సన్ వెనక బల్ల మీద కూర్చున్నాడు. సాక్ష్యం చెప్పమంటే లేచి నిలబడ్డాడు. మాట రాలేదు. కూర్చున్నాడు. అంతకంటే మంచి సాక్ష్యం ఎవరూ చెప్పలేదు.

ఫోటోలు రాజబాబు పంపుతాడు. ప్రిస్సీకి చూపించు. పెద్దమ్మ ముద్దులు చెప్పు.

అక్క


డెహ్రాడూన్
అక్టోబరు 21

అక్కకి,

నీ ఉత్తరం అందింది. ఫోటోలు కూడా చూశాం. అందరూ ఎంత బాగున్నారో.

ఇక్కడ చలి మొదలైంది. పొద్దున రింకుకి వెళ్ళేటప్పుడు మంకీ టోపీ పెట్టుకుంటున్నాను, ప్రిస్సీ నాతో కలిసి నడవనంటోంది. దాని ఎడమ బ్లేడు అరిగిందని సానపెట్టించాం. మా ఇంటావిడ అక్రోట్లు ఇచ్చింది, కొంచెం నీకు పార్సెల్ చేస్తాను. అస్తానాలో హోటలు బాగానే ఉంది కానీ అన్నం దొరకలేదు. ఇక్కడ నీళ్ళు మారి నాకు జుట్టు ఊడుతోంది.

డిసెంబరు మొదట్లో బుడాపెస్టులో ఒక పోటీ ఉంది. దానికీ వెళ్తున్నాం. ఊరికే, ప్రాక్టీసుకి.

రాజబాబుని ఇంక గ్రూపులో ఏమీ పెట్టొద్దని చెప్పు. పిల్ల దృష్టి చెదురుతుంది.

నెల్సన్ ఆరోగ్యం చూస్తుండు.

ఎమిలీ


బర్మామైన్స్, జంషెడ్‌పూర్
అక్టోబరు 27

ఎమిలీ,

నీ ఉత్తరం చదివాను. పక్కన పెట్టి, వంట చేసి, మళ్ళీ చదివాను.

బ్లేడు గురించి ఉంది. అక్రోట్ల గురించి ఉంది. జుట్టు గురించి ఉంది. స్తోత్రం అన్న మాట లేదు.

పాసైన పిల్ల మళ్ళీ పరీక్షకి ఎందుకు వెళ్తుంది? ప్రాక్టీసుకి ఎవరైనా బుడాపెస్టు వెళ్తారా?

చిన్నప్పుడు ఇంట్లో గాజు సామాను పగిలిన రోజున నువ్వు అమ్మతో వర్షం గురించి మాట్లాడేదానివి.

నేను కోప్పడను. జరిగింది రాయి.

అక్క


డెహ్రాడూన్
నవంబరు 3

అక్కా,

నీకు ఎప్పుడు తెలిసిపోతుందా అని భయపడ్డాను. తెలిసిపోయాక గుండె తేలికైంది.

రాలేదక్కా. ఫ్రీ మార్కు రాలేదు.

ఆ రాత్రే రాజబాబు "డబుల్" అని పెట్టాడు. రేపు చెప్దాం అనుకున్నాను. మర్నాడు విమానం. ఆ మర్నాడు పిల్ల పడుకుని లేవలేదు. ఇంకొక రోజు, ఇంకొక రోజు. ఈలోగా కూడిక ఫోటోలు వచ్చాయి. పాస్టరుగారు చేతులెత్తి ఉన్నారు. ఫ్లెక్సీ మీద ప్రిస్సీ. వెనక బల్ల దగ్గర వాళ్ళ నాన్న నిలబడి ఉన్నాడు. ప్రిస్సీ ఆ ఒక్క ఫోటోనే చాలాసేపు చూసింది. "చెప్పకు మమ్మీ, బుడాపెస్టులో తెచ్చేస్తాను, ఎవరికీ తెలియదు" అంది. నేను సరేనన్నాను. నీకు మొదట రాసినప్పుడే పాసు మార్కు దేనికో సరిగా రాయలేదు. నాకే అప్పటికి సరిగా తెలియదు.

నీ ఉత్తరం ఇవాళ దానికి చదివి వినిపించాను. వర్షం మాట దగ్గర నవ్వింది, తర్వాత ఏడ్చింది. "పెద్దమ్మకి నేనే చెప్తాను, నువ్వు రాయి. ఒక్క మాట కూడా మార్చకు" అంది. ఇక్కడినుంచి దాని మాటలే.

పెద్దమ్మా, నేను పడలేదు. అదే ప్రాబ్లం.

స్క్రీన్ మీద వచ్చే పెద్ద మార్కులో దగ్గర దగ్గర సగం, స్కేటింగ్ ఎంత బాగుంది, మ్యూజిక్‌తో కలిసిందా, అలాంటివాటికి ఇస్తారు. మనకి కావాల్సిన నలభై చిల్లర అది కలిపి కాదు. జంపులు, స్పిన్నులు, కాళ్ళ పని, వాటి మార్కు ఒక్కటే నలభై దాటాలి. దాన్ని టెక్నికల్ అంటారు. మావయ్య మొత్తం చూసేశాడు. బేచారా, పాపం. ఆయన తప్పేం లేదు, కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. నా మొత్తం బాగానే ఉంది. టెక్నికల్ తక్కువ.

ఎందుకు తక్కువంటే, నేను రెండుచోట్ల ట్రిపుల్ లూప్ చెయ్యాలి. గాలిలో మూడు చుట్లు. ప్రాక్టీసులో వస్తుంది, ఒక్కోసారి పడతాను. అస్తానాలో మంచు మీదకి దిగే ముందు మీరంతా గుర్తొచ్చారు. హాల్లో చాప మీద కూర్చుని కళ్ళు మూసుకుని "పడకూడదు, పడకూడదు" అంటున్నట్టు. డర్ లగ్ గయా, భయమేసింది. ఎగిరాను, మూడో చుట్టు వదిలేసి రెండుకే దిగిపోయాను. రెండుచోట్లా. ఏక్‌దమ్ సాఫ్‌గా దిగాను. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు అప్పుడే తెలుసు, అయిపోయిందని.

కోచ్ సార్ తిట్టలేదు. ఒక్కటే చెప్పారు. మూడు చుట్లూ నిండుగా తిరిగి ఆ తర్వాత పడ్డా, సాఫ్‌గా దిగిన రెండు చుట్లకంటే టెక్నికల్‌లో కొంచెం ఎక్కువే వస్తుందట. పడ్డందుకు విడిగా కోసేది మొత్తంలోంచి కోస్తారు, ఇందులోంచి కాదు. మూడో చుట్టు నిండకుండానే పడితే మాత్రం దాదాపు ఏమీ రాదు.

అందుకని పెద్దమ్మా, పడకూడదని ప్రార్థన ఆపెయ్. ప్లీజ్. చుట్లు నిండాలని చెయ్యి.

నువ్వు ముందు అలా ఉండేదానివి కాదు. సిమెంటు రింకులో నేను పడితే మిగతా పిల్లల మమ్మీలంతా పరిగెత్తి వచ్చేవాళ్ళు. నువ్వు బెంచీ మీంచి లేచేదానివి కాదు. అక్కడే కూర్చుని గట్టిగా "స్తోత్రం" అనేదానివి. యాద్ హై, గుర్తుందా? ఆ మాట వినబడితే దెబ్బేం తగల్లేదని నాకనిపించేది. లేచేదాన్ని.

ఫ్లెక్సీ తీయించెయ్. సారీ చెప్పు అందరికీ. బిరియానీ తిన్నందుకు కాదు, నేను చెప్పనందుకు.

ప్రిస్సీ మాటలు అయిపోయాయక్కా. ఇవన్నీ నా చేత్తో రాసేసరికి నాకే బుద్ధి వచ్చింది. నెల్సన్‌కి నువ్వే చెప్పు. నాకు నోరు రావడం లేదు.

ఎమిలీ


బర్మామైన్స్, జంషెడ్‌పూర్
నవంబరు 17, సోమవారం

ఎమిలీకి, ప్రిస్సీకి,

ఈ ఉత్తరం ఇద్దరికీ. ఎమిలీ, పైకి చదువు.

నెల్సన్‌కి చెప్పాను. అన్నం ముందు కాదు, తిన్నాక. "నాకు తెలుసు వదినా" అన్నాడు. ఫోటో పంపిన రోజు ప్రిస్సీకి ఫోను చేస్తే "థాంక్యూ పప్పా" అందట. "ఆ పిల్ల నాకు ఎప్పుడూ థాంక్యూ చెప్పదు. అప్పుడే అనుకున్నాను" అన్నాడు. తర్వాత ఇంకో మాట కూడా అన్నాడు. కాలేజీ మాట తను అడగలేదని నీ కూతురికి గుర్తు చెయ్యమన్నాడు.

రాజబాబు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నా మీద కోపం కాదు, సిగ్గు. విన్న రోజే చీకటి పడకముందు వెళ్ళి ఫ్లెక్సీ విప్పుకొచ్చాడు. రాతలు లోపలికి మడిచి స్కూటరు మీద కప్పాడు. ఆ గుడ్డ గట్టిది, పొగమంచుకి బాగా పనికొస్తోంది.

నిన్న ఆరాధనలో సాక్ష్యాల సమయానికి లేచాను. నాకు ఎక్కువ మాటలు రావని మీకు తెలుసు. "మనం కూడిక పెట్టిన సంగతి ఇంకా జరగలేదు. పిల్ల తప్పు లేదు, లెక్క మనం తప్పు చూశాం. డిసెంబరులో మళ్ళీ ప్రయత్నిస్తుంది" అన్నాను. హాలు నిశ్శబ్దమైంది. అది నాకు చెవితో పనిలేకుండానే తెలిసింది.

పోలరాజుగారు సంఘ పెద్ద కదా, లేచారు. మిషను సరిచేసుకుని విన్నాను.

"జరగనిదాన్ని జరిగిందని దేవుడి ముందు స్తోత్రం చెప్పేశాం. దీన్ని ఏమంటారు టీచరమ్మా?"

"ముందే చెప్పామంటారు" అన్నాను.

ఆయన ఇంకేదో అనబోయి, నవ్వేసి కూర్చున్నారు. చెప్పిన స్తోత్రం వెనక్కి తీసుకునే వాడుక మనలో లేదు. దేవుడు ఇచ్చినవి ఏమైనా తక్కువా? మంచే లేని ఊళ్ళో పుట్టిన పిల్లకి మంచు ఇచ్చాడు. దాని కోసం నాలుగు పూటలు ఉపవాసం ఉండే మనుషుల్ని ఇచ్చాడు. ఆ పన్నెండో తేదీ స్తోత్రాన్ని వాటికి జమ చేసుకున్నాను.

రత్నానికి అదేం పట్టలేదు. "తినేసిన బిరియానీ ఇప్పుడెలగ ఇచ్చెయ్యాలి?" అని అడిగింది.

నిన్న సాయంత్రమే ప్రార్థనకి చేరిన ఆడవాళ్ళకి ప్రిస్సీ చెప్పిందంతా చెప్పాను. ఇక పడకూడదని అడగొద్దన్నాను.

"ఏటక్కా, ఆడపిల్ల పడాలని పార్తనా? ఎక్కడైనా ఉందా?"

"పడాలని కాదు రత్నం. పడినా పరవాలేదని. ముందు మూడు చుట్లు నిండాలి."

"మరి పైవోడికి ఎన్ని సుట్లో ఎలగ తెలుత్తాది?"

"మనం చెప్దాం."

రత్నం చీర చెంగు దోపి హాలు మధ్యలో నిలబడింది. ఒకటి, రెండు, మూడు తిరిగింది. మూడోదానికి కళ్ళు తిరిగి ఇద్దరు ముసలమ్మల మధ్య కూలబడింది. "ఇలగే కదా! సుట్లు నిండినాయి, పడ్డాను. నాకూ మార్కులొచ్చినట్టేనా?" అంది. నవ్వు ఆగలేదు. ప్రార్థన ఆలస్యంగా మొదలైంది. కానీ అందరూ ఒకటే అడిగారు.

ప్రిస్సీ, బెంచీ మీద కూర్చున్న సంగతి నేను మర్చిపోయాను. నువ్వు ఎంత దూరం వెళ్తే నాకు అంత భయం పెరిగింది. ఆ భయాన్నే ప్రార్థన అనుకున్నాను. గుర్తు చేసినందుకు దేవునికీ నీకూ వందనాలు.

ఎగురు. మిగతాది మేం చూసుకుంటాం.

పెద్దమ్మ


బుడాపెస్టు
డిసెంబరు 6, శనివారం

అక్కా,

ఇక్కడినుంచి పోస్టు చేస్తే ఎప్పటికి అందుతుందో. ఢిల్లీలో దిగాక వేస్తాను. అప్పటికి నీకు అన్నీ తెలిసిపోయి ఉంటాయి. అయినా ఇప్పుడే రాయాలి.

నేను చూడలేదు. పేరు పిలిచేదాకా కూర్చున్నాను, తర్వాత లేచి బయటికి వచ్చేశాను. బయట ఒక గుడి గంటలాగా ఏదో మోగుతోంది. చలి. నీ ఉత్తరం కోటు జేబులో ఉంది. దాన్ని పట్టుకుని నిలబడ్డాను. లోపల మ్యూజిక్ వినబడుతోంది. సగంలో జనమంతా ఒక్కసారిగా అయ్యో అన్నట్టు వినబడింది. ఏ దేశం వాళ్ళైనా అయ్యో ఒకేలా అంటారక్కా. మ్యూజిక్ మాత్రం ఆగలేదు.

తర్వాత ప్రిస్సీ చెప్పింది. మొదటి ట్రిపుల్ నిలబడింది. రెండోది మూడు చుట్లూ నిండాకే పడింది. కూలబడిన చోట ఎర్రగా కమిలింది. "పడ్డప్పుడు బెంచీ వైపు చూశాను మమ్మీ, అలవాటుగా. అక్కడెవరో తెల్లావిడ కాఫీ తాగుతోంది. నవ్వొచ్చింది. లేచేశాను" అంది.

మొత్తం మార్కు అస్తానాకంటే కొంచెం ఎక్కువే గానీ, ఇక్కడ గట్టివాళ్ళు వచ్చారు. చివరినుంచి మూడో స్థానం. మార్కుల కోసం కూర్చునేచోట కోచ్ సారు ఆ పెద్ద అంకె వైపు చూడనే లేదట. కింద చిన్నదాని వైపే వేలు చూపించి, టోపీ తీసి మొహం మీద పెట్టుకున్నారట.

వచ్చింది అక్కా. కావాల్సినదానికంటే అర పాయింటు కూడా ఎక్కువ కాదు. కానీ ఎక్కువే.

స్కేటింగ్ సంఘంవాళ్ళకి సారు అప్పుడే ఫోను చేశారు. పేరు పంపుతామన్నారు.

చివరినుంచి మూడో స్థానంలో వచ్చిన పిల్ల, మొదటిది వచ్చిన పిల్లకంటే గట్టిగా ఏడుస్తుంటే ఇక్కడివాళ్ళకి అర్థం కాలేదు. ఒకావిడ జాలిపడి టిష్యూ ఇచ్చింది.

స్తోత్రం అక్కా. స్తోత్రం, స్తోత్రం. పోయినసారి రాయనిది కూడా కలిపి రాస్తున్నాను.

ఎమిలీ


బర్మామైన్స్, జంషెడ్‌పూర్
డిసెంబరు 15, సోమవారం

చెల్లి ఎమిలీకి, బంగారుతల్లి ప్రిస్సీకి,

మీ ఉత్తరం ఇవాళ అందింది. మాకు అంతా తెలుసు. అయినా ప్రతి ముక్కా కొత్తగా చదువుకున్నాను.

ఇక్కడ ఏం జరిగిందో మీకు తెలియాలి. ఆ శనివారం సాయంత్రం చర్చి హాల్లో తెల్ల దుప్పటి కట్టి, రాజబాబు ఎవరి దగ్గరో ప్రొజెక్టరు తెచ్చి పెట్టాడు. ఆదివారంకంటే ఎక్కువమంది వచ్చారు. నెల్సన్ షిఫ్టు మార్చుకున్నాడు. రోడ్డు మీద టీ బండి పెట్టుకునే సౌరభ్ కూడా కెటిల్ పట్టుకుని లోపలికి వచ్చి నిలబడ్డాడు.

నాకు మ్యూజిక్ వినబడలేదు. తెల్లటి మంచు, దాని మీద నీలం గౌనులో నువ్వు. ఎంత చిన్నగా కనబడ్డావో. మొదటిసారి ఎగిరి దిగావు. ఎవరూ కదల్లేదు. రెండోసారి ఎగిరావు. రత్నం నా పక్కన వేళ్ళు మడుస్తోంది. మూడో వేలు మడిచింది. నువ్వు పడ్డావు.

హాలంతా లేచి నిలబడింది. అందరూ ఒక్క గొంతుతో అన్నారు, స్తోత్రం అని.

ఏళ్ళ తరబడి నా చెవిన పడనంత పెద్ద శబ్దం అది. మిషను అవసరం లేకుండా వినబడింది. సౌరభ్ కెటిల్ దింపి రాజబాబుని అడిగాడట, "అంకుల్, వో తో గిర్ గయీ. ఆప్ లోగ్ ఖుష్ క్యూఁ హైఁ?" పిల్ల పడిపోతే మీకెందుకు సంతోషమని. రాజబాబు ఏడుస్తూ వాడికి టెక్నికల్ మార్కు అంటే ఏమిటో మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాడు. టీ చల్లారిపోయింది.

కాబట్టి ప్రిస్సీ, నువ్వు చూసిన బెంచీ ఖాళీగా లేదు.

మార్కు వచ్చినప్పుడు రాజబాబు పెద్ద అంకెని చేత్తో మూసేశాడు. దుప్పటి మీద మూస్తే మూతపడుతుందా, అంకె వాడి చేతి మీద పడింది. కింద చిన్నది చదివి, పాస్టరుగారిని పిలిచి చదివించి, పోలరాజుగారిని కూడా పిలిచి చదివించాడు. ముగ్గురూ ఒప్పుకున్నాకే నోరు విప్పాడు. నెల్సన్ బయటికి వెళ్ళి గేటు దగ్గర నిలబడ్డాడు. నేను వెళ్ళలేదు. కొన్ని స్తోత్రాలు ఒంటరిగా చెప్పుకునేవి.

పేరు ఖాయమైందని నిన్న మీరు ఫోను చేశాక మళ్ళీ కూడిక ఎప్పుడని అందరూ అడిగారు. రత్నం మరీ గట్టిగా అడిగింది. "ఈపాలి నిజిమైన బిరియానీ పెట్టాల!" అంది. కూడిక అయిపోయింది కదా అన్నాను. పాస్టరుగారు కూడా అవునన్నారు. అందుకని ప్రార్థన లేకుండా ఉత్త భోజనం పెడుతున్నాం, క్రిస్మస్ స్టార్లు కట్టే రోజున.

ఈ ఉదయం రాజబాబు స్కూటరు మీంచి ఫ్లెక్సీ తీసి, సబ్బు నీళ్ళతో కడిగి, ఎండలో ఆరేశాడు. నీ బుగ్గల ఎర్రరంగు కొంచెం పోయింది. ఇప్పుడే నీలాగా ఉన్నావు. గేటుకి కట్టబోతూ అక్షరాల దగ్గర ఆగాడు.

"అక్కా, తేదీ అక్టోబరు అని ఉంది. దాని మీద కాగితం అంటించేదా?"

వద్దన్నాను. మేం స్తోత్రం చెప్పింది ఆ రోజే.

పెద్దమ్మ
ఆనందకుమారి